చెయ్యెత్తితే పాట

ఆ రేవులో ఆమెను పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. తండ్రి "అమ్మాయ్" అంటాడు, తమ్ముడు "అక్కా" అంటాడు, మిగతా లోకమంతా "మూడోసారి" అంటుంది. "మూడోసారి వచ్చిందా?" "మూడోసారికి ఇవాళ గొంతు పట్టేసిందట." "మూడోసారితో పెట్టుకోకురోయ్, పళ్ళు రాలతాయి." ఈ చివరిది ఉత్త బెదిరింపు కాదు. పాట మధ్యలో తన నడుం మీద చెయ్యి వేసిన ఒక వ్యాపారికి ఆమె తూకపు రాయితో ముందు పళ్ళు రెండూ రాలగొట్టింది. రాయిని కడిగి, మళ్ళీ తక్కెడ పక్కన పెట్టి, ఆగిన చోటి నుంచే పాట అందుకుంది. ఆ వ్యాపారి ఇప్పటికీ అక్కడే కొంటాడు. కాకపోతే ధర చెప్పేటప్పుడు నోట్లోంచి కాస్త ఈల వస్తుంది.

ఆమె పని చేపల వేలం పాడించడం. పాట అన్నారు కదా అని ఏ సంగీతప్రియుడైనా వస్తే చెవులు మూసుకుని పారిపోవాలి. రేకుల కప్పు, సిమెంటు నేల, ఆ నేల మీద చీలమండల దాకా ఐసు నీళ్ళూ నెత్తురూ. మధ్యలో ఒక ఎత్తు బల్ల. దాని మీద ఆమె. చుట్టూ ఇనుప గొట్టాలతో కట్టిన దడి. దడి లోపల కొనేవాళ్ళు, బయట బోటు వాళ్ళు. గోడ మీద నీలం రంగు బోర్డు: "ఇక్కడ ఎవరైనా పాడవచ్చు." దాని కింద ఎవడో బొగ్గుముక్కతో రాశాడు: "ప్రాణం మీద ఆశ లేకపోతే." ఆ రెండో వాక్యాన్ని చెరపడానికి ఆఫీసువాళ్ళు ఎన్నిసార్లు సున్నం కొట్టినా, మర్నాటికి మళ్ళీ పుట్టుకొచ్చేది.

ఆ షెడ్డులో చట్టాలు రెండే. ఒకటి, చెయ్యెత్తితే పాట. దడి లోపల నిలబడి మెడలో ఇత్తడి బిళ్ళ వేసుకున్నవాడు చెయ్యెత్తాడంటే, నోటితో వేరే ధర చెప్పకపోతే, ముందు ధర మీద అయిదు పెంచినట్టే. ఎందుకెత్తావని ఎవరూ అడగరు. ముక్కు మీద ఈగను తోలబోయి ఒక లారీ చేపలు కొనుక్కున్న మహానుభావుడున్నాడు. అందుకే లోపలికి వెళ్ళిన ప్రతివాడూ బడిలో గుంజీలు తీసి వచ్చిన పిల్లాడిలా చేతులు కట్టుకుని నిలబడతాడు. వీపు దురద పెడితే స్తంభానికి రుద్దుకుంటాడు. రెండో చట్టం, ఆమె "మూడోసారి" అన్నాక సరుకు కొన్నవాడిది. ఆ మాట వెనక్కి తీసుకోవడం ఆమె తరం కూడా కాదు.

స్వేచ్ఛా విపణి అనే మాట కనిపెట్టినవాడెవడో గానీ, చేపల రేవులో ఒక్క పూటైనా నిలబడి ఉండడు. ఒకసారి రేడియోలో ఎవరో పెద్దమనిషి చెబుతున్నాడు: పెద్ద దేశం ఆర్థిక వ్యవస్థకు మూడు రంగాలట. నేల నుంచీ నీటి నుంచీ తీసేది ఒకటి, యంత్రాల మీద తయారయ్యేది ఒకటి, సేవలు ఒకటి. ఆమె చేపలపులుసులాంటి చెమటను కొంగుతో తుడుచుకుంటూ విని, "మూడూ మా ఇంట్లోనే ఉన్నాయిగా!" అంది. మొదటి రంగం ఆమె మొగుడు. బోటు మీద వల లాగుతుండగా ఇనుప తాడు తెగి కొరడాలా తిరిగి మనిషిని రెండు ముక్కలు చేసింది. రెండో రంగం తండ్రి. ఐసు ఫ్యాక్టరీలో దిమ్మలను పిండి చేసే మర దగ్గర పని. మర ఆయన ఎడమచేతి వేళ్ళు రెండు తినేసింది. ఇక మూడో రంగం తమ్ముడు. "నువ్వేం పని చేస్తావు బాబూ?" అని ఎవరైనా అడిగితే, "సర్వీసండీ" అనేవాడు నవ్వుతూ. ఎవరి ఎముకలు విరగ్గొట్టమంటే వాళ్ళవి విరగ్గొట్టడమే ఆ సర్వీసు.

చేయించుకునేది ఒకటో బిళ్ళ. కొనుగోలుదారుల్లో అందరికంటే పాతవాడు గనక మెడలో మొదటి నంబరు బిళ్ళ, అదే పేరు. ఐసు ఫ్యాక్టరీ ఆయనది. లారీలు ఆయనవి. డబ్బాల్లో చేపలు నింపే ఫ్యాక్టరీలో వాటా ఆయనది. బోట్లకు డీజిలు అప్పిచ్చేదీ ఆయనే. ఆయనా, మరో నలుగురు వ్యాపారులూ ప్రతి ఉదయం రేవు ముందున్న టీ కొట్టులో కూర్చుని ఆనాటి ధర కిలోకి ఇంత అని అనుకునేవాళ్ళు. తర్వాత షెడ్డులోకి వచ్చి, ఒకరు "నలభై" అనేవారు. మిగతా నలుగురూ కప్పు రేకులకు చిల్లులెన్నో చూసేవాళ్ళు. నలభైకి మూడోసారి పడేది. బోటు వాళ్ళు డీజిలు ఖర్చు కూడా రాక, ఐసు నీళ్ళల్లో ఉమ్మేసి వెళ్ళిపోయేవాళ్ళు.

ఆమె కంటే ముందు ఆ బల్ల మీద ఆమె మేనమామ నిలబడేవాడు. "ధర నువ్వు పెట్టేది కాదే, వినేది. చెవులు రిక్కించు. నోటికి తర్వాత పని చెప్పు" అని నేర్పింది ఆయనే. ఒకరోజు ఆయన ఇంకెవరైనా పాడతారేమోనని రెండోసారికీ మూడోసారికీ మధ్య కాస్త సాగదీశాడు. ఆ సాయంత్రం తెడ్డుతో దవడ పగలగొట్టారు. ఆ తర్వాత ఆయన బతికినన్నాళ్ళూ జావ తాగి బతికాడు. బల్ల మేనకోడలికి వచ్చింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. ఈమె నోరు పెద్దది, అంతే. ఊరు మారలేదు. కడుపు కోసం ఆమె కూడా నలభైకి మూడోసారి అంటూనే వచ్చింది. అనకపోతే ఏమవుతుందో మేనమామ ముఖం మీద చూసింది కదా.

అలాంటి రేవుకి ఒక కొత్తాయన వచ్చాడు. సముద్రానికి దూరంగా ఉన్న పట్నంలో పెద్ద పెద్ద దుకాణాలకు చేపలు గడ్డకట్టించి పంపే కంపెనీ తరఫున. సొంత లారీ, సొంత ఐసు. ఆఫీసులో డిపాజిట్టు కట్టి బిళ్ళ తీసుకున్నాడు. "రేపు పాట పాడతాను" అని అందరి ముందూ చెప్పాడు. పాపం, బోర్డు మీద పై వాక్యం ఒక్కటే చదివినట్టున్నాడు.

ఆ సాయంత్రం తమ్ముడు అన్నం తింటూ తింటూ అన్నాడు.

"అక్కా, రేపు ఒక్క పని చెయ్యి. కొత్తోడి మీద మూడోసారి పడనీకు."

"పడితే?"

"పడితే వాడి వీపులో కొక్కెం పడుద్ది." ఐసు దిమ్మలు లాగే కొక్కేన్ని కంచం పక్కనే పెట్టుకున్నాడు. "మూడోసారి దాకా వాడికి వెనక్కి తగ్గే హక్కుందంట. ఆ తర్వాత లేదంట. ఒకటో బిళ్ళాయన రూలు మనిషి."

తండ్రి మూడు వేళ్ళ చేత్తో కంచాన్ని పక్కకు తోసేశాడు.

"ఎవర్రా వేసేది?" అంది, తెలిసి కూడా.

"నన్నే వెయ్యమన్నాడు. లోపలికి రావడానికి తన బిళ్ళే ఇస్తానన్నాడు. ఒకటో బిళ్ళ అక్కా! నా మెడలో!" వాడి కళ్ళు మెరిశాయి.

అప్పుడు ఆమె తమ్ముడి మీద చెయ్యి చేసుకుంది. చెంప మీద ఒకటి, మెడ మీద ఒకటి. తల్లి పోయాక ఈమె చేతుల మీద పెరిగినవాడు, చేతికి అందివచ్చిన వాడు, ఎన్ని దెబ్బలైనా తిన్నాడు గానీ చెయ్యి అడ్డం పెట్టలేదు. "ఖూనీకోరువి అవుతావురా, ఉరి తీస్తారురా నిన్ను" అని ఏడ్చింది. వాడు పెదవి మీది నెత్తురు తుడుచుకుని, "అందుకే కదక్కా నీకు ముందే చెప్పింది. నువ్వు మూడోసారి అనకు, నేను కొట్టను. అయిపోయె" అన్నాడు, అదేదో సుళువైన బేరమైనట్టు.

మర్నాడు షెడ్డు కిటకిటలాడింది. అన్నిటికంటే పెద్ద బోటు సరుకు ముందు పాటకు వచ్చింది. ఆ మొదటి పాటే రోజంతటికీ ధరకు దారి. తక్కెడ దగ్గర ఆ బోటు సరంగు, అంటే బోటు నడిపేవాడు, దడికి ముఖం ఆనించి నిలబడ్డాడు.

"నలభై" అన్నాడు ఒకటో బిళ్ళ. ఆనాడు మెడలో బిళ్ళ లేదు, దడి బయట కుర్చీ వేసుకున్నాడు. బిళ్ళ తమ్ముడి మెడలో ఉంది. ఆయన మాట, వీడి మెడ.

కొత్తాయన నెమ్మదిగా చెయ్యెత్తాడు. "యాభై."

సరంగు ఆనందం పట్టలేక "అబ్బా!" అని అరిచాడు. ఆ అరుపు ముగియకముందే ఒకటో బిళ్ళ మనిషి ఒకడు చెక్కపెట్టె అంచుతో అతని ముఖం మీద కొట్టాడు. ముక్కు ఎముక విరిగిన చప్పుడు బల్ల దాకా వినిపించింది. కొత్తాయన ఒకసారి అటు చూసి, మళ్ళీ ముందుకు తిరిగాడు. మొండివాడే.

"యాభై అయిదు" అన్నాడు ఒకటో బిళ్ళ.

"అరవై" అన్నాడు కొత్తాయన.

ఒకటో బిళ్ళ కుర్చీలో వెనక్కి వాలి చేతులు కట్టుకున్నాడు. తమ్ముడు జనం మధ్యలోంచి జరిగి జరిగి, కొత్తాయన వెనక నిలబడ్డాడు. కొక్కెం తొడకు ఆనించి పట్టుకున్నాడు.

"అరవై, ఒకటోసారి" అంది. గొంతు ఎప్పటిలాగే వచ్చింది. "అరవై, రెండోసారి."

ఆగిపోయింది.

అడకత్తెరలో పోకచెక్క అంటారే, ఆమె పరిస్థితి అదే. మూడోసారి అంటే ఒకడి ప్రాణం పోతుంది, దానితో తమ్ముడి ప్రాణమూ పోయినట్టే. అనకపోతే కొత్తాయన పాట చెల్లదు, బోటు వాళ్ళ కడుపు మళ్ళీ కాలుతుంది.

"చెప్పవే!" అని అరిచారు బోటు వాళ్ళు. "అరవై! మూడోసారి అను!"

"ఏం, గొంతులో ముల్లు గుచ్చుకుందా?" అన్నాడు ఒకటో బిళ్ళ.

"అరవై... రెండోసారి" అంది మళ్ళీ.

"అమ్ముడుపోయిందిరా ఇది కూడా!" అని ఎవడో కేక వేశాడు. వల అంచుకు కట్టే సీసపు గుండు ఒకటి గాలిలో లేచి వచ్చి ఆమె నుదుటికి తగిలింది. కంట్లోకి నెత్తురు దిగింది. అంతే, షెడ్డు భగ్గుమంది. ముక్కు విరిగిన సరంగు దడి దూకి తనను కొట్టినవాడి గొంతు పట్టుకున్నాడు. తెడ్లు లేచాయి, పెట్టెలు పగిలాయి. చేపల మీద మనుషులు, మనుషుల మీద చేపలు. ఒకడి చెవి తెగి ఐసులో పడింది, తొక్కిన వాడికి కూడా తెలియలేదు. ఆ గందరగోళంలో కొత్తాయన ఒక్కడే స్తంభంలా, తన పాట కోసం ఆమె ముఖం చూస్తూ నిలబడ్డాడు.

తమ్ముడు అదే అదను అనుకున్నాడు. ఇంత గొడవలో ఎవరు కొట్టారో ఎవరికి తెలుస్తుంది? ఇక మూడోసారితో పనేముంది? ఆ షెడ్డులో పుట్టి పెరిగినవాడు, ఈగ వాలితే ఊదుకునేవాడే గానీ దడి లోపల చెయ్యి కదపనివాడు, కొక్కెంతో సహా కుడిచెయ్యి తల పైదాకా ఎత్తాడు.

ఆమె నెత్తురు నిండిన కంటితోనే చూసింది. ఆలోచించలేదు. ఆలోచిస్తే నోరు పెగిలేది కాదు.

"ఒకటో బిళ్ళ, అరవై అయిదు! ఒకటోసారి, రెండోసారి, మూడోసారి!"

ఆ అరుపుకి రేకులు మోగాయి. కొట్టుకునేవాళ్ళు కొట్టుకుంటున్నట్టే ఆగిపోయి, ఎవరు కొన్నారా అని తిరిగి చూశారు. అందరికీ కనిపించింది ఒక్కటే: మెడలో ఒకటో బిళ్ళ, గాల్లో ఎత్తిన చెయ్యి, చేతిలో కొక్కెం. కొత్తాయన కూడా వెనక్కి తిరిగి చూశాడు. ఆయన ముఖం ఐసులా తెల్లబోయింది.

"చెయ్యి దించరా. పాట అయిపోయింది" అంది ఆమె.

తమ్ముడు దించాడు. అంతమంది చూస్తుండగా ఎవడు పొడుస్తాడు?

ఒకటో బిళ్ళ లేచాడు. ఇది చెల్లదు అంటాడని అందరూ ఎదురు చూశారు. అనలేదు. అనలేడు. ఆయన ఐసు, ఆయన లారీలు, నలభైకి కొన్న చేపలన్నీ ఆ మూడో మాట మీదే కదా నిలబడింది? ఈ పూట ఆయన కాదంటే రేపు ప్రతి బోటు వాడూ కాదంటాడు. అందుకని నవ్వాడు. "పాట పాటేనమ్మా" అని, అరవై అయిదు చొప్పున మొత్తం కట్టించాడు. ఆ రోజంతా ఏ బోటుకీ అంతకు తగ్గలేదు. సరంగు ముక్కుకు గుడ్డ చుట్టుకుని ఆమెకు దండం పెట్టాడు. ఆమెకూ ఆ పూట గెలిచాననే అనిపించింది.

మధ్యాహ్నం బల్ల కడుగుతుండగా ఐసు మర చప్పుడు మారింది. రేవులో అందరికీ అది రోజూ వినిపించే మోతే. దిమ్మ పడితే గరగర, ఖాళీ అయితే గిరగిర. వినడం నేర్చిన చెవులు గనక ఆమెకొక్కదానికే తెలిసింది. ఈ చప్పుడు దిమ్మది కాదు. తడిగా ఉంది. తూకపు రాయి పట్టుకుని పరిగెత్తింది.

ఒకటో బిళ్ళ మనుషులు ఇద్దరు తండ్రిని ఐసు దిమ్మలకు అదిమి పట్టుకున్నారు. ముగ్గురు తమ్ముణ్ణి మర దగ్గర పట్టుకున్నారు. మరలో పెట్టింది ఎత్తిన చెయ్యే, కుడిచెయ్యే. ముసలాయన ఎలా విదిలించుకున్నాడో గానీ కాలితో తన్ని మర బెల్టు ఊడగొట్టాడు. మోచేతి దగ్గర ఆగింది. ఆమె మొదట దొరికినవాడి మోకాలి చిప్ప రాయితో పగలగొట్టింది, రెండోవాడి భుజం మీద వేసింది. మిగతా వాళ్ళు తమ పని అయిపోయిందన్నట్టు నడుచుకుంటూ వెళ్ళిపోయారు. ఎర్రబడ్డ ఐసును ఎవరో పారతో పక్కకు తోసి, తెల్లగా ఉన్నదాన్ని లారీలకెక్కించారు. ఫ్యాక్టరీ ఆగలేదు. కాగితాల మీద అది యంత్ర ప్రమాదం అయింది. రెండో రంగం ఖాతాలో పడింది.

తమ్ముడికి స్పృహ వచ్చాక ఒకే ఒక్క మాట అన్నాడు.

"నన్నే పాట పెట్టి అమ్మేశావు కదక్కా."

గుండెలో కొక్కెం దిగినట్టయింది ఆమెకు. నిన్ను ఉరికంబం నుంచి దించానురా అనబోయింది. కానీ అమ్మిన మాట నిజమే. కొన్నవాడెవడో తెలిసే అమ్మింది. ఆ తర్వాత తమ్ముడు ఆమెతో మాట్లాడటం మానేశాడు. ఎడమచేత్తో అన్నం కలుపుకోవడం నేర్చుకున్నాడు, ఆమె ముద్ద పెట్టబోతే ముఖం తిప్పుకున్నాడు. ఆమె గోడవైపు తిరిగి, శబ్దం రాకుండా ఏడవడం నేర్చుకుంది. అంత పెద్ద గొంతుకి అది కష్టమైన విద్య.

కొత్తాయన మాత్రం రోజూ వచ్చేవాడు. ధర అరవైకి అటూ ఇటూ నిలబడింది. బోట్లకు కొత్త రంగులు పడ్డాయి. పోనీలే, చెయ్యి పోయినా ఇంతమందికి అన్నం దొరికింది అని ఆమె తనకు తాను చెప్పుకునేది. అలా ఎన్నాళ్ళో సాగలేదు. ఒకరోజు పొద్దున టీ కొట్టు ముందు నుంచి వస్తుంటే బల్ల మీద ఆరు గ్లాసులు కనిపించాయి. ఆరోది కొత్తాయన ముందు.

ఆమె నేరుగా లోపలికి వెళ్ళింది.

"వీపు బాగుందా అండీ?" అంది.

కొత్తాయన తల దించుకున్నాడు. "వ్యాపారం అమ్మా" అన్నాడు.

పొగలు కక్కుతున్న ఆ టీని ఆయన ఒళ్ళోనే కుమ్మరించి, గ్లాసును గోడకేసి కొట్టి బయటికి వచ్చింది. వెనక ఆయన కేకలకు అయిదుగురూ విరగబడి నవ్వారు.

షెడ్డులో బల్ల ఎక్కింది. ముక్కు వంకర తిరిగిన సరంగు బోటు సరుకే ముందుంది. దడి చుట్టూ బోటు వాళ్ళు చడీచప్పుడు లేకుండా నిలబడ్డారు. వాళ్ళకు అప్పటికే తెలిసిపోయినట్టుంది.

"నలభై" అన్నాడు ఒకటో బిళ్ళ. కొత్తాయన తడిసిన లాగుతో రేకుల చిల్లులు చూస్తున్నాడు.

"నలభై, ఒకటోసారి."

దడి లోపల, ఒక మూల నుంచి చెయ్యి లేచింది. ఎడమచెయ్యి.

తమ్ముడు. కుడి చొక్కాచెయ్యి మడిచి పిన్నీసు పెట్టుకున్నాడు. మెడలో కొత్త బిళ్ళ, ఇంకా మెరుపు తగ్గలేదు. బోటు వాళ్ళంతా తలా కొంత వేసుకుని డిపాజిట్టు కట్టి వాడికి తీయించారట. ఆమెకు ఎవరూ చెప్పలేదు.

"నలభై అయిదు" అంది.

"యాభై" అన్నాడు ఒకటో బిళ్ళ.

ఎడమచెయ్యి దిగలేదు.

"యాభై అయిదు. ఒకటోసారి." ఒకటో బిళ్ళ చేతులు కట్టుకున్నాడు. కొత్త మనిషి ఒకడు, ఇరవై ఏళ్ళు కూడా ఉండవు, మెడలో ఎవరిదో అరువు బిళ్ళ, జనంలోంచి జరిగి జరిగి తమ్ముడి వెనక నిలబడ్డాడు. తొడ పక్కన కొక్కెం. సర్వీసులో ఖాళీ ఎన్నాళ్ళో ఉండదు.

"యాభై అయిదు. రెండోసారి."

ఆగింది. మళ్ళీ అదే చోట. ఈసారి ముందున్నది పరాయివాడి వీపు కాదు. దడి బయట సరంగు తెడ్డు మీద చెయ్యి వేశాడు.

తమ్ముడు వెనక్కి తిరిగి చూడలేదు. వెనక ఎవడున్నాడో, వాడు ఏం చేస్తాడో తనకు తెలియనిది కాదు. ఆమె కళ్ళలోకే చూశాడు. ఇన్నాళ్ళ తర్వాత మొదటిసారి నోరు విప్పాడు.

"చెప్పక్కా."

ఆమె వంగి తూకపు రాయిని చేతిలోకి తీసుకుంది. తీసుకుని, రేవంతా వినబడేలా మూడోసారి అంది.